తప్పెట చెప్పిన సాక్ష్యం

1893 అక్టోబరు 4. గుంతకల్లు రైల్వే స్టేషను దగ్గర తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. ఆడవాళ్లు పరిగెత్తి వచ్చి రైలుగేటు కాపలావాడి గుడిసెలో దూరినారు. ఆ కాపలావాడి పేరు హంపన్న. వాకిటికి అడ్డం నిలబడినాడు. సోల్జరు తుపాకీ పేల్చినాడు. హంపన్న ప్రాణం పోయింది.

కేసు నడిచింది. గుత్తిలో వకీలు కేశవపిళ్లె ఊరుకోలేదు. ఆయన హిందూ పత్రికకు వార్తలు రాసేవాడు. రాసి రాసి ఈ సంగతిని మద్రాసు దాకా వినిపించినాడు. మద్రాసు హైకోర్టులో విచారణ అయింది. కాల్చినవాడు నిర్దోషిగా బయటికొచ్చినాడు. అప్పటి చట్టమే అట్లాంటిది. నల్లజడ్జీ తెల్లవాణ్ణి విచారించొచ్చు అని 1883లో ఇల్బర్ట్ బిల్లు తెస్తే తెల్లదొరలంతా గగ్గోలు పెట్టినారు. ఆ గగ్గోలుకు లొంగి 1884లో సర్కారు రాజీ చట్టం చేసింది. సగానికి తగ్గకుండా తెల్లవాళ్లుండే జ్యూరీ కావాలని అడిగే హక్కు తెల్ల ముద్దాయికి ఇచ్చింది. కాల్చేవాడికి తుపాకీ ఇచ్చిన సర్కారే, కాల్చినాక తప్పించుకునే దారీ చట్టంలో రాసి ఇచ్చింది.

హంపన్నకు స్మారకశిల మిగిలింది. దానిమీద ఇంగ్లీషు అక్షరాలు. శిల వేసినవాళ్లను నేను తప్పుబట్టను. కాని ఒక మాట అడగాల. పట్టాల మీద పనిచేసే గ్యాంగుమన్ను, బొగ్గు ఎత్తే ఆడమనిషి, స్టేషను ఊడ్చే మనిషి ఆ రాయిని ఎట్ల చదవాల? నేను పుట్టి పెరిగిన వాడలో మారెమ్మ మీద పాట విన్నాను. కరువు మీద విన్నాను. దొంగ మీద, దొరసాని మీద కూడా విన్నాను. హంపన్న మీద ఒక్క పాట నా చెవిన పడలేదు. రాయి ఉండి పాట లేకపోతే ఒక మనిషి ఎట్ల మరుగున పడిపోతాడో చెప్పడానికి మా ఊరే సాక్ష్యం.

కోర్టు కొట్టేసిన కేసును పాట కొట్టెయ్యదు. నేను చెప్పదలచింది ఇదొక్కటే. దీన్ని పుస్తకాల్లోంచి కాక మా ఇంట్లోంచి మొదలుపెట్టి చెప్తాను.

మేము మాదిగలం. మా తాత చేతికి తప్పెటను కులమే ఇచ్చింది. తెలంగాణాన డప్పంటారు, మాకాడ తప్పెట, పలక అంటారు. కట్టె వలయానికి తోలు బిగించి, మంటకు సెగ చూపి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెనపుల్ల పట్టుకుంటే సావుకొక దెబ్బ, పెండ్లికొక దెబ్బ, జాతరకొక దెబ్బ. ఇదంతా చాలామంది రాసినారు. తక్కువమంది రాసింది దండోరా సంగతి. శిస్తు ఎప్పటిలోగా కట్టాల, ఎవరి గొడ్డు జప్తయింది, ఎవరి చేను వేలానికొచ్చింది, సూదులేసేవాళ్లు ఏ రోజు వస్తారు, ఇట్లా సర్కారు మాట ఏదైనా ఊరికి చేరాలంటే మా తాత తప్పెట కొట్టాల్సిందే. ఊర్లో చదువొచ్చినోళ్లు నలుగురు. సర్కారు కాగితాన్ని మిగతా ఊరికంతా చెవులతో చదివించింది మాదిగోడే. దానికి కూలి కళ్లంకాడ ఇన్ని గింజలు, అవీ వంగి ఒడి పడితేనే.

చరిత్ర పుస్తకాలు రాజ్యం మాట గెజిట్టులో ఉందంటాయి. పల్లెలో రాజ్యం మాట మా తాత తప్పెట మీద ఉండేది. అదే తప్పెట మీద మా మాట ఒక్కటి చెప్పుకోవడానికి మాకు హక్కు లేదు. వాడలో ఒకణ్ణి గుంజకు కట్టి కొడితే దానికి దండోరా లేదు. మా ఆడబిడ్డకు అన్యాయం జరిగితే దానికి దండోరా లేదు. ఊరి వార్తలన్నీ చాటేవాడి ఇంటివార్త చాటే దిక్కు లేదు. ఈ తప్పెట ఎదురుతిరిగి మాట్లాడటానికి ఎంత కాలం పట్టిందో, దళితుల పాట చరిత్ర అంత.

తప్పెట మగవాళ్ల చేతిలో ఉండేది. పాట మాత్రం ఆడవాళ్ల నోట్లో ఉండేది. అనంతపురం సీమలో వాన తక్కువ. దేశంలో జైసల్మేర్ తర్వాత మా జిల్లానే అంటారు. వరినాట్లు లేవు కాబట్టి నాట్ల పాటలూ తక్కువ. మా పాటలు సెనక్కాయ పాటలు. కాయలు పెరికేటప్పుడు, ఒలిచేటప్పుడు ఆడోళ్లు పాడేవాళ్లు. మా అవ్వ పాటలో ఆసామి పేరు ఎన్నడూ రాదు, ఎద్దు పేరు వస్తుంది. మేత ఎక్కువై కొమ్ములాడించే ఎద్దు. ఏ ఎద్దో వినేవాళ్లందరికీ తెలుసు. ఆసామి గట్టు మీద నిలబడి వింటా, ‘పాట బాగుండాది, కానీండి’ అని పోయేవాడు.

నాయన రైల్వేలో గ్యాంగుమన్ను అయినాడు. 1956లో గుంతకల్లు డివిజను అయినాక ఈ ఊరికి చుట్టుపక్కల పల్లెల నుంచి మాలా మాదిగా కదిలి వచ్చినారు. రైలు మాకు నెలజీతం చూపించింది. పట్టా ఎత్తేటప్పుడు ఒకడు పలుకు అందిస్తాడు, పదిమంది వంత అందుకుంటారు, అప్పుడే ఇనుము లేస్తుంది. పలుకు తప్పితే కాలు నలుగుతుంది. పాటంటే గొంతు సోకు కాదని, పదిమంది ఒక్క క్షణాన ఊపిరి కలపడమని నాకు చిన్నప్పుడే తెలిసింది అక్కడే.

ఇక పోలీసుల సంగతి. కరువుసీమలో బోరుబావి దగ్గర మోటారు కాపరు వైరు పోతే జీపు మొదట వచ్చేది వాడకే. మా వాడకన్నా ముందు ఎరుకలోళ్ల గుడిసెలకు పోతుంది. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాల మీద ముద్రవేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో పుట్టింది, 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది, 1952లో రద్దయింది. చట్టం రద్దయింది గాని జీపు దారి మారలేదు.

అట్లా ఒకసారి మా చిన్నాయనను తీసుకపోయినారు. ఏ ఠాణానో ఇక్కడ రాయను. మూడు రోజులు ఉంచుకున్నారు. అరికాళ్ల మీద కొట్టినారు. అరికాలి దెబ్బకు గాయం కనపడదు, నడక మారిపోతుంది. వైరు దొంగ ఎవరో తర్వాత తెలిసింది, మావాడు కాదు. కాగితాల్లో ఆ మూడు రోజులు లేవు. అరెస్టు లేదు, కేసు లేదు, విడుదలా లేదు. మా చిన్నాయన మూడు రోజులు ఈ లోకంలో లేనట్టే లెక్క.

ఆ పంటకు కాయలు ఒలుస్తా మా అవ్వ దాన్ని పాట కట్టింది. ఏ వారం తీసుకపోయినారు, ఏ వారం వదిలినారు, ఏ రంగు జీపు, కట్టె పట్టుకున్నవాడికి ఎన్ని వేళ్లకు ఉంగరాలు, అన్నీ అందులో పెట్టింది. ఈసారి ఎద్దు లేదు, ఏ మరుగూ లేదు. చిన్నాయనే అడ్డం పడినాడు. ‘వద్దమ్మా, మళ్లీ వస్తారు’ అన్నాడు. ‘వస్తే రానీ. నేను నాలుగు మాటలు చెప్పకపోతే నువ్వు ఆ మూడు దినాలూ యాడికి పోయింటివని రేపు నీ బిడ్డలే అడుగుతార్రా’ అన్నది అవ్వ. అక్షరం ముక్క రాని మనిషి. నేను చూసిన మొదటి ఎఫ్ఐఆర్ అది. రాసింది ఆమె, సంతకం చేసింది వంత పాడిన ఆడోళ్లు.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడు జరిగింది. తాగేనీళ్ల చెరువులో కమ్మోళ్ల పిల్లలు కుడితి బాల్చీ కడిగితే, మాదిగలు అడ్డం చెప్పినారు. నీళ్లు ముంచుకోను వచ్చిన ఒక ఆడబిడ్డ తనను కొట్టబోయినవాళ్ల మీదికి బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున వందలమంది ఆసాములు మాదిగపల్లె మీద పడినారు. ఆరుగురు మాదిగలను చంపినారు, ఆడపిల్లలను చెరిచినారు. మిగిలినవాళ్లు చీరాలకు పరిగెత్తి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్ల నాయకత్వంలో దళిత మహాసభ లేచింది. కళ్లారా చూసిన సాక్షి ఒక ముసలమ్మను తర్వాత చంపేసినారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 2008లో ఒకరికి యావజ్జీవం, ఇరవైతొమ్మిదిమందికి మూడేండ్లు పడింది. ఇరవైమూడేండ్ల తర్వాత.

అప్పుడు నేను బడిలో ఉన్నాను. కారంచేడు సంగతి మా వాడకు పేపరుతో రాలేదు. టేపు క్యాసెట్టుతో వచ్చింది. గుంతకల్లు జంక్షను కదా, నాలుగు దిక్కుల నుంచి రైళ్లొస్తాయి. బెజవాడ వైపు డ్యూటీకి పోయిన ఒక రైల్వే అన్న తెచ్చినాడు. గద్దర్ పాట. కారంచేడు మాదిగలను దళిత పులులని పిలిచిన పాట. దాన్ని క్వార్టరు అరుగు మీద పెట్టి వింటావుంటే నాయన లేచి నిలబడినాడు. ఏడుపు పాట అయితే కూచుని వినేవాళ్లం. చచ్చినోళ్ల కోసం ఏడ్చే పాటలు మాకు కొత్త కాదు. ఎదురుతిరిగి చచ్చినారని మావాళ్లను పొగిడే పాట వినడం అదే మొదలు. ఆ పాటలో ఊరి పేరు ఉంది. ఆ పేరు ఉండబట్టే గుంతకల్లులో ఉన్నవాడికి కారంచేడు పక్కవాడ అయింది.

ఆ తర్వాత పదేండ్లు పాట ఆగలేదు. మాష్టార్జీ అంబేడ్కర్‌కు దండాలు పెట్టే పాట కట్టినాడు, అది లేని జయంతి సభ లేకుండా పోయింది. గూడ అంజయ్య ఊరు మనదన్న పాట అంతకు ముందు నుంచే తిరుగుతోంది. 1994లో ఈదుమూడిలో మంద కృష్ణ మాదిగ పోరాటం మొదలుపెట్టినప్పుడు దానికి దండోరా అన్న పేరే నిలిచింది. మా తాత చేత సర్కారు కొట్టించిన దండోరా అనే మాటతోనే ఇప్పుడు మేము సర్కారును పిలిచి లెక్క అడిగినాము. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం పేరు ‘చిక్కనవుతున్న పాట’, మరుసటేడు వచ్చింది ‘పదునెక్కిన పాట’. అచ్చులోకి వచ్చిన కవులు కూడా తమను పాట అనే పిలుచుకున్నారు.

ఇప్పుడు 1991 గురించి చెప్పాల. ఆ ఒక్క సంవత్సరాన రెండు ఊర్లలో రెండు సంగతులు జరిగినాయి.

మార్చి 3న అమెరికాలో లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని రోడ్డు మీద పడేసి లాఠీలతో కొట్టినారు. ఎదురింటి బాల్కనీలోంచి ఒకాయన దాన్ని వీడియో తీసినాడు. లోకమంతా చూసింది. 1992 ఏప్రిల్ 29న, నల్లవాడు ఒక్కడూ లేని జ్యూరీ, కొట్టిన పోలీసుల్లో ఎవ్వరికీ శిక్ష వెయ్యకుండా వదిలింది. ఊరు తగలబడింది, అరవైమందికి పైగా చచ్చిపోయినారు.

ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరు. సినిమాహాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లో ఉన్న పెద్దకులం వాడికి తగిలిందన్నది మొదటి గొడవ. నెల రోజులు సాంఘిక బహిష్కారం. ఊర్లో పోలీసులు ఉండగానే పొలాల్లో తరిమి తరిమి ఎనిమిదిమంది దళితులను నరికినారు. గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేసినారు. మాకు తుంగభద్ర అంటే కాలువలో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే నీళ్లు. ఆ పేరుతో అక్కడొక మురుగుకాలువ ఉందని, అందులో మావాళ్ల శవాలు తేలినాయని చదివిన రోజు నాయన బువ్వ ముట్టలేదు. చచ్చినవాళ్లను ఊరి నడుమనే పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. నెల తిరగ్గానే బాధితుల పక్షాన నిలబడిన ఒక దళిత యువకుడు పోలీసు కాల్పుల్లో పోయినాడు.

చుండూరు కేసు అట్రాసిటీల చట్టం కింద ఆ ఊర్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో నడిచింది. తీర్పు 2007 జూలై 31న వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, కొట్టినవాళ్లెవరు అన్నది రుజువు కాలేదన్నది. ఆ తీర్పు మీద అప్పీలు సుప్రీంకోర్టుకు పోయింది. ఎనిమిది శవాలు నిజం, సంచులు నిజం, చంపినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. గుంతకల్లు 1893, లాస్ ఏంజెలెస్ 1992, చుండూరు 2014. జడ్జీలు వేరు, భాషలు వేరు, తీర్పు ఒక్కటే.

యూనివర్సిటీ హాస్టల్లో ఉండగా ఒక స్నేహితుడు అమెరికా నల్లవాళ్ల ర్యాప్ క్యాసెట్టు వినిపించినాడు. అందులో భాష సగం కూడా అర్థం కాలేదు. దెబ్బ మాత్రం అర్థమైంది. రాగం లేదు, సాగదీత లేదు, మాట దరువు మీద అడుగులేసుకుంటా పోతోంది. మా తాత తప్పెట కొట్టి శిస్తు సంగతి చెప్పేటప్పుడు ఇట్లనే చెప్పేవాడు. మొదట దెబ్బ, తర్వాత మాట, మళ్లీ దెబ్బ.

ఆ ర్యాప్ పుట్టిన తీరు తెలుసుకుంటే మన వాడ కథే. న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేదల పేట. నడుమ నుంచి పెద్ద రోడ్డు వేసి ఇండ్లు కూలగొట్టినారు. 1973 ఆగస్టు 11న అక్కడ ఒక అపార్టుమెంటు గదిలో కూల్ హెర్క్ అనే జమైకా పిల్లవాడు చెల్లెలు పెట్టిన విందులో రికార్డులు తిప్పి, దరువు ముక్కనే మళ్లీ మళ్లీ వచ్చేట్టు చేసినాడు. వాయిద్యాలు కొనలేని పిల్లలు పాత రికార్డునే వాయిద్యం చేసుకున్నారు. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం ‘ది మెసేజ్’ అన్న పాటలో ఆ పేట బతుకును ఉన్నదున్నట్టు చెప్పింది. 1988లో లాస్ ఏంజెలెస్ పక్క కాంప్టన్ పిల్లలు ఎన్‌డబ్ల్యూఏ అనే బృందం కట్టి పోలీసులను నేరుగా తిట్టినారు. ఆ పాట పేరే బూతు. మరుసటేడు ఎఫ్‌బీఐ అధికారి ఒకాయన వాళ్ల రికార్డు కంపెనీకి కోపంగా ఉత్తరం రాసినాడు. ఒక పాట మీద కేంద్ర పోలీసుకు ఉత్తరం రాయాల్సిన పని పడింది! తమాషా ఏమంటే ఆ పాటను కోర్టు విచారణ లాగా కట్టినారు. జడ్జి సీట్లో నల్లపిల్లవాడు, బోనులో పోలీసు. రాడ్నీ కింగ్ వీడియో రావడానికి మూడేండ్ల ముందే వాళ్లు సాక్ష్యం చెప్పినారు. అప్పుడు పెద్దమనుషులు వినలేదు, బూతు మాత్రం వినిపించింది వాళ్లకు.

నల్లవాళ్లకూ మనకూ సంబంధం నేను కల్పించింది కాదు. జ్యోతిబా ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చినాడు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసినాడు, నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకునే అర్జీ ప్రతి పంపమని. 1972లో బొంబాయిలో మరాఠీ దళిత కవులు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకునే దళిత పాంథర్స్ అయినారు. అయితే రెండూ ఒకటేనని నేను అనను. అక్కడ పోలీసుకు చర్మం చెప్తుంది. ఇక్కడ పోలీసు పేరడుగుతాడు, నాయన పేరడుగుతాడు, ఊరడుగుతాడు, చివరికి ‘ఊర్లో యాడరా’ అంటాడు. ఆ నాలుగో ప్రశ్నలో లాఠీ ఉంది.

కోర్టులో సాక్షి ఒంటరి. ఎదుటి వకీలు అడుగుతాడు, చీకట్లో ఎట్ల గుర్తుపట్టినావు, ఎన్ని అడుగుల దూరం, గంటెంత? చేతికి గడియారం లేని మనిషి గంట చెప్పలేడు. చెప్పలేదు కాబట్టి సాక్ష్యం చెల్లదు. పాటలో ఒకరు పలుకు ఎత్తుకుంటారు, నూరుమంది వంత అందుకుంటారు. వంత పాడినవాడు కూడా సాక్షి అవుతాడు. చుండూరు రోజు పుట్టని పిల్లలు ఈరోజు ఆ ఎనిమిదిమంది కోసం వంత పాడుతున్నారు. సాక్షిని చంపొచ్చు, కారంచేడులో చంపినారు కదా. వంతను ఎట్ల చంపుతారు?

అట్లని పాడేవాళ్లను వదిలిపెట్టలేదు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ ఇంటికొచ్చి కాల్చినారు, ఒక తూటా వెన్నులో అట్లనే ఉండిపోయింది. 1999 మే నెలలో భువనగిరి పాటగత్తె బెల్లి లలితను చంపి, శరీరాన్ని పదిహేడు ముక్కలు చేసి పారేసినారు. పుణె కబీర్ కళా మంచ్ పాటగాళ్లను ఉపా చట్టం కింద జైల్లో పెట్టినారు. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయినాడు. చుండూరు జరిగిన తేదీ. ఆయనను పోలీసు లాంఛనాలతో సాగనంపినారు. బతికున్నప్పుడు వెంటాడిన యూనిఫారమే పోయినాక సెల్యూట్ కొట్టింది. దీన్ని గెలుపు అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నేను మాత్రం జాగ్రత్త అనుకున్నాను. రాజ్యం పాటను చంపలేకపోతే సన్మానం చేస్తుంది.

మన ఇంటి సంగతులు కూడా మాట్లాడుకోవాల. విప్లవ సభల్లో గొంగడి కప్పుకుని ఎగిరింది మన పిల్లలే, మైకు ముందు ఉపన్యాసం చెప్పింది మాత్రం వేరేవాళ్లు. కారంచేడు తర్వాతనే మనవాళ్లు ‘పాడేది మేమే అయితే, చెప్పేదీ మేమే కావాల’ అన్నారు. సినిమావాళ్లు మన దరువు తీసుకపోయి హీరో పరిచయం పాటకు పెట్టినారు. డప్పు కొట్టేవాడు తెర మీద వరసలో కనపడతాడు, పేర్లు వేసేటప్పుడు కనపడడు. అమెరికాలోనూ అంతే, పేటలో పుట్టిన పాట కంపెనీ చేతికిపోయి నగల పాట, కార్ల పాట అయింది. ఆడోళ్లను తిట్టే పాటలూ అయింది. ఇక మన సభల్లో పాడే ఆడపిల్లలు ఎందరు? ఈ చరిత్రలో మొదటి పాట మా అవ్వ నోట్లో ఉంది. రెండో తరానికి వచ్చేసరికి వేదిక మగవాడిదయింది. ఇది ఆసాములు చేసింది కాదు, మనం చేసుకున్నది.

2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల పోయినాక మళ్లీ కొత్త గొంతులు లేచినాయి. ఒడిశాలో మన సరిహద్దు పక్కనే కోరాపుట్ నుంచి సుమీత్ సామోస్ అనే దళిత యువకుడు కులం మీద ర్యాప్ పాడుతున్నాడు. 2018 జనవరిలో మద్రాసులో దర్శకుడు పా. రంజిత్ ముందుండి ‘కాస్ట్‌లెస్ కలెక్టివ్’ అనే బృందాన్ని నిలబెట్టినాడు. సావు ఇండ్ల గానా పాట, పరై తప్పెట, ర్యాప్ మూడూ అందులో కలిసినాయి. ఆ బృందంలోంచి వచ్చిన అరివు 2021లో తేయాకు తోటల్లో బతికిన తన అవ్వ కథతో పాట రాసినాడు, అది లోకమంతా తిరిగింది. ఆ పాట గురించే ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం వేస్తూ అరివు బొమ్మ లేకుండా వేసింది, గొడవయ్యాక అతని బొమ్మ వేసింది. పాట లోకమంతా తిరిగినా పాటగాడు వెలివాడలోనే మిగిలే ప్రమాదం పోలేదు.

పోలీసుల తీరూ పోలేదు. 2020 మే 25న అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపినాడు. రెండు నెలలు తిరక్కుండా, కారంచేడు మాదిగలు పరిగెత్తి తలదాచుకున్న ఆ చీరాలలోనే, మాస్కు లేదని పోలీసులు పట్టుకున్న దళిత యువకుడు తలకు దెబ్బలతో ఆసుపత్రిలో చనిపోయినాడు. జీపులోంచి దూకినాడని పోలీసులు, కొట్టి చంపినారని ఇంటివాళ్లు. అదే జూలైలో తూర్పుగోదావరి సీతానగరం ఠాణాలో ఒక దళిత యువకుడికి గుండు గీకినారు. ఫ్లాయిడ్ పేరు మన పట్నాల పిల్లల ఫోన్లలో తిరిగింది. ఈ ఇద్దరి పేర్లు ఎంతమంది ఫోన్లలో తిరిగినాయి? అమెరికా వాణ్ణి తలుచుకోవద్దని నేను అనడం లేదు. వాళ్ల పేరు వాళ్ల పాటలో ఉంది కాబట్టి మనదాకా వచ్చింది అంటున్నాను.

మా అక్క కొడుకు గుంతకల్లులోనే ఉంటాడు. ఫోనులో దరువు పెట్టుకుని తెలుగులో ర్యాప్ కడతాడు. ఒకరోజు వినిపించినాడు. అంతా అమెరికా పేట, తుపాకులు, గోడల మీద రంగుబొమ్మలు. ‘మన ఊరు యాడుంది రా ఇందులో?’ అన్నాను. ‘మన ఊర్లో ఏముంది మామా పాడేకి, రైళ్లు తప్ప’ అన్నాడు. నేను హంపన్న సంగతి చెప్పినాను. వాళ్ల చిన్నతాత అరికాళ్ల సంగతి చెప్పినాను. అవ్వ పాటలో నాకు గుర్తున్నకాడికి చెప్పినాను. వాడు మాట్లాడలేదు. కాసేపటికి, ‘జీపు ఏ రంగు అన్నావు?’ అని అడిగినాడు.

చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, సంఘాల్లో తిరిగే కార్యకర్తలకు నేను చెప్పేది ఆ ప్రశ్న పట్టుకోమనే. మీ వాడలో ముసలివాళ్ల నోట్లో ఉన్న పాటలు రాసుకోండి. పండగ పాటలొక్కటే కాదు, దెబ్బ తిన్న పాటలు, ఠాణా పాటలు, ఎద్దు పేరు చెప్పి ఆసామిని తిట్టిన పాటలు కూడా రాసుకోండి. ఎవరు కట్టినారో పేరు రాయండి. కొత్తగా కట్టేవాళ్లు ‘అన్యాయం, అన్యాయం’ అని ఊరికే అరవొద్దు. తేదీ పెట్టండి, ఊరు పెట్టండి, ఠాణా పెట్టండి, చచ్చినవాడి పేరు తప్పకుండా పెట్టండి. దరువు తప్పెటదైనా సరే, ఫోనుదైనా సరే. వంత అందుకునేవాళ్లు వస్తారు. గుంతకల్లు స్టేషనులో రోజుకు ఎన్నో రైళ్లు ఆగుతాయి, ఏ రైలెక్కినా ఒక పాట ఇంకొక వాడకు చేరుతుంది. నూటముప్పై ఏండ్లుగా ఇంగ్లీషు రాయి మీద ఉండిపోయిన హంపన్న కేసు నుంచే మొదలుపెట్టండి. మద్రాసు హైకోర్టు దాన్ని ఎప్పుడో మూసింది, మన వాడలో ఇంకా విచారణకే రాలేదు.